ముక్కుసూటిగా మాట్లాడుకుందాం: అబ్బాయి ముక్కు, అమ్మాయి ముక్కు

ముక్కు ఆపరేషన్ అనగానే మీ బుర్రలోకి వచ్చే బొమ్మ ఎవరిది? హీరోయిన్‌దే కదా! "అప్పుడు ఇట్లా, ఇప్పుడు ఇట్లా" అని పక్కపక్కన పెట్టిన రెండు ఫొటోలు, కింద వరసగా కామెంట్లు. హీరో ఫొటోలను అట్లా పక్కపక్కన పెట్టి ముక్కు కొలిచేవాళ్లు తక్కువ. ఆయన జుట్టు గురించి మాట్లాడతాం, సిక్స్ ప్యాక్ గురించి మాట్లాడతాం, ముక్కు జోలికి మాత్రం పోం.

ఈ వారం ఆ ముక్కు గురించే. ఆడవాళ్ల ముక్కు సర్జరీకీ మగవాళ్ల ముక్కు సర్జరీకీ నిజంగా తేడా ఉందా? ఉంది. కొంత చర్మంలో ఉంది, కొంత ఎముకలో ఉంది, కొంత డిగ్రీల లెక్కలో ఉంది. అన్నింటికంటే పెద్ద తేడా ఆపరేషన్ థియేటర్ బయట ఉంది. కోడ్‌లో తప్పు చేస్తే పాత వెర్షన్‌కు వెనక్కి పోవచ్చు. ముక్కుకు ఆ బటన్ లేదు. అందుకే డబ్బు కట్టే ముందు ఈ లెక్కలు ఒకసారి చూసుకోవడం మంచిది.

మొదట పడుకున్నది మగవాళ్లే

ముక్కు సర్జరీ చరిత్ర మన దేశంలోనే మొదలవుతుంది. సుశ్రుత సంహితలో తెగిపోయిన ముక్కును బాగుచేసే పద్ధతి ఉంది. ముక్కు కొలతకు ఒక ఆకు కత్తిరించుకోవాలి. ఆ ఆకు కొలత ప్రకారం చెంప చర్మం తీసి ముక్కు మీద అతికించాలి. ఊపిరి ఆడటానికి రంధ్రాల్లో ఆముదపు కాడల గొట్టాలు రెండు పెట్టాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

ఆ తర్వాతి కథ మాకు ఇంకా దగ్గర. మాది పెద్దతిప్పసముద్రం. అంత పొడుగు పేరు బస్సు బోర్డు మీద పట్టదు కాబట్టి మాకందరికీ పీటీఎం. మా మదనపల్లె వైపు గుర్రంకొండ కోట ఉంది చూడండి, ఒకప్పుడు అది హైదర్, టిప్పుల చేతిలో ఉండేది. 1790-92 మధ్య టిప్పు సుల్తాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన యుద్ధం ఈ సీమ మొత్తాన్నీ కుదిపేసింది. ఆ యుద్ధంలో కంపెనీ సైన్యం దగ్గర ఎద్దులు తోలే కావస్‌జీ అనే మనిషి టిప్పు సైనికులకు దొరికిపోయాడు. వాళ్లు అతని ముక్కూ, ఒక చెయ్యీ నరికేశారు.

ఏడాది పాటు ముక్కు లేకుండానే తిరిగాడు. తర్వాత పుణె దగ్గర ఒక నాటు వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని కోసి, కిందికి తిప్పి కొత్త ముక్కు కట్టాడు. ఇటుకలు చేసే కులం మనిషి అని ఆనాటి రాతలో ఉంది. మైనంతో ముక్కు అచ్చు చేసుకుని, దాన్ని పరిచి, నుదుటి మీద గీత గీసుకుని కోశాడట. ఈ సంగతి 1794 అక్టోబర్‌లో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో బొమ్మతో సహా అచ్చయింది. ఆ పద్ధతినే పట్టుకుని జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ 1814లో లండన్‌లో ఆపరేషన్ చేశాడు. ఆయన రాసిన మొదటి రెండు కేసులూ సైనికాధికారులవే.

ఇవన్నీ పోయిన ముక్కును తెచ్చే ఆపరేషన్లు. ఉన్న ముక్కును అందంగా మార్చేది 19వ శతాబ్దం చివర్లో వచ్చింది. 1887లో అమెరికాలోని రోచెస్టర్‌లో జాన్ ఓర్లాండో రో బయటికి కోత కనిపించకుండా, ముక్కు లోపలి నుంచే కొన సరిచేసే పద్ధతి గురించి రాశాడు. 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ పెద్ద ముక్కును చిన్నది చేసిన కేసు వైద్య చరిత్రలో బాగా పేరు పడింది. ఆ పేషెంటు 28 ఏళ్ల మగవాడు. ముక్కు పెద్దదని నలుగురిలోకి రావడానికి నామోషీ పడేవాడు.

అంటే తెగిన ముక్కు కోసం పడుకున్నదీ మగవాళ్లే, సిగ్గుతో ముక్కు తగ్గించుకున్న ఆ పేరున్న కేసూ మగవాడిదే. ఇది ఆడవాళ్ల వ్యవహారం అనే ముద్ర తర్వాత పడింది. సినిమా వచ్చింది, క్లోజప్ వచ్చింది, పత్రికల్లో తారల ముఖాల మీద చర్చ వచ్చింది. ఇవాళ ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి పది లక్షలకు పైగా ముక్కు సర్జరీలు జరుగుతున్నాయి. అందం కోసం చేయించుకునే ఆపరేషన్లలో ఆడవాళ్లదే పెద్ద వాటా. అయినా మగవాళ్లు ఎక్కువగా ఎంచుకునే సర్జరీల జాబితాలో ముక్కు పైవరసలోనే ఉంటుంది. వాళ్లు చెప్పుకోరు, అంతే.

మన భాషలోనే రెండు ముక్కులు ఉన్నాయి

తెలుగులో ముక్కు పేరు ఇంటిపేరులా అంటుకున్న కవి ఒకాయన ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో పారిజాతాపహరణం రాసిన నంది తిమ్మన. ఒక అమ్మాయి ముక్కు మీద ఆయన చెప్పిన పద్యం అంత గొప్పగా ఉందట, జనం ఆయన్ను ముక్కు తిమ్మన అనేశారు. ఆ పద్యం ఇప్పుడు రామరాజభూషణుడి వసుచరిత్రలో కనిపిస్తుంది. తిమ్మన దగ్గర కొనుక్కుని పెట్టుకున్నాడని ఒక కథ చెప్పుకుంటారు. ఆడవాళ్ల ముక్కు అంటే సంపెంగ. పద్యం దాని మీద, పుడక దాని మీద, చూపు దాని మీద.

మరి మగవాళ్ల ముక్కు? అక్కడ సామెతలు మొదలవుతాయి. ముక్కు మీద కోపం, ముక్కుసూటి మనిషి, ముక్కుపిండి వసూలు. ఈ మాటలు ఎవరికైనా వాడొచ్చు గానీ, మా ఊళ్లో రచ్చబండ దగ్గర వింటే ఎక్కువగా మగవాళ్ల గురించే. అంటే ఆమె ముక్కు రూపం, అతని ముక్కు స్వభావం. కొంచెం పెద్ద ముక్కున్న అబ్బాయిని "మొగోడి ముక్కు" అని వదిలేస్తాం. అదే ముక్కు అమ్మాయికి ఉంటే "అంతా బాగుంది గానీ..." అని ఆపుతాం. ఆ "గానీ" తర్వాత వచ్చే నిశ్శబ్దం చాలామంది అమ్మాయిలకు బాగా తెలుసు.

కత్తి కింద తేడాలు

ఇప్పుడు శరీరం సంగతి చూద్దాం.

ముందు సైజు. అయోవా యూనివర్సిటీ పరిశోధకులు యూరోపియన్ మూలాలున్న పిల్లలను ఏళ్ల తరబడి కొలిచి 2013లో ఒక ఫలితం చెప్పారు. మగవాళ్ల ముక్కు సగటున ఆడవాళ్ల ముక్కు కంటే 10 శాతం దాకా పెద్దది. ఈ తేడా 11 ఏళ్ల వయసు దగ్గర మొదలవుతుంది. వాళ్లు చెప్పిన కారణం ఊపిరి. మగపిల్లల్లో కండ ఎక్కువ పెరుగుతుంది, కండకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, గాలి తీసుకునే దారీ పెద్దదవుతుంది.

వయసులో కూడా తేడా ఉంది. ముక్కు పెరుగుదల పూర్తి కాకముందు అందం కోసం సర్జరీ చేయరు. సాధారణంగా అమ్మాయిలకు 15-16 ఏళ్లు, అబ్బాయిలకు 17-18 ఏళ్లు దాటాలంటారు. ఇంటర్ సెలవుల్లో చేయించేద్దాం అనుకునే తల్లిదండ్రులు ఈ రెండేళ్ల తేడా గమనించాలి.

తర్వాత చర్మం. మగవాళ్ల ముక్కు చర్మం సగటున మందంగా ఉంటుంది, నూనె గ్రంథులు ఎక్కువ. సర్జన్ లోపల ఎముకనూ కార్టిలేజ్‌నూ ఎంత చక్కగా చెక్కినా, పైన మందపాటి చర్మం కప్పితే ఆ పనితనం పైకి అంతగా తేలదు. మంచం మీద పలచని దుప్పటి పరిస్తే కింద ఉన్న పుస్తకం అంచు కనిపిస్తుంది, రగ్గు పరిస్తే కనిపించదు. అట్లాగే ఇది. మందం చర్మానికి వాపు కూడా నిదానంగా తగ్గుతుంది. పలచని చర్మానికి ఇంకో ఇబ్బంది ఉంది, లోపల చిన్న తప్పు జరిగినా బయటికి కనిపించేస్తుంది.

ఇక డిగ్రీలు. ముక్కు కింద రెండు రంధ్రాల మధ్య చిన్న స్తంభం ఉంటుంది కదా, దానికీ పై పెదవికీ మధ్య కోణాన్ని సర్జన్లు కొలుస్తారు. పాఠ్యపుస్తకాల్లో మగవాళ్లకు 90 నుంచి 95 డిగ్రీలు, ఆడవాళ్లకు 95 నుంచి 110 డిగ్రీల దాకా బాగుంటుందని రాసి ఉంటుంది. అంటే ఆడవాళ్ల ముక్కు కొన కొంచెం పైకి లేవాలి, మగవాళ్లది పెద్దగా లేవకూడదు. అబ్బాయికి కొన ఎక్కువ లేపితే ఎదురుగా చూసినప్పుడు రంధ్రాలు కనిపిస్తాయి, ముఖం తీరే మారిపోతుంది.

కళ్ల మధ్య నుంచి కొన దాకా దిగే గీత సంగతీ అంతే. ఆడవాళ్లకు ఆ గీత ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి వంగి, కొన దగ్గర చిన్న మలుపు తీసుకోవాలంటారు. మగవాళ్లకు నిటారుగా ఉండాలి. ముక్కుసూటి అనే మాటను సర్జన్లు అక్షరాలా పాటిస్తున్నారన్నమాట! మగవాళ్ల ముక్కు మీద ఎత్తు ఉంటే దాన్ని పూర్తిగా చెక్కేయకుండా కొంచెం వదిలేయడమే మంచిదని చాలామంది సర్జన్ల అభిప్రాయం.

మొత్తం కలిపితే తేడా ఎంత? రెండు మిల్లీమీటర్లు, పది పదిహేను డిగ్రీలు. పెన్సిల్‌తో కాగితం మీద గీస్తే కంటికి ఆనదు. ముఖం మీద మాత్రం మనిషినే మార్చేస్తుంది.

ఈ కొలతలు ఎవరి ముఖానివి?

ఏ సాఫ్ట్‌వేర్‌కైనా డిఫాల్ట్ సెట్టింగ్ ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు, ఏదో ఒక దేశంలో కూర్చుని పెట్టి ఉంటారు. పై డిగ్రీలు కూడా అట్లాంటివే. వాటిలో ఎక్కువ భాగం తెల్లవాళ్ల ముఖాల కొలతల నుంచి వచ్చినవి. మన సర్జన్లకు ఈ సంగతి తెలుసు. ఫొటో పట్టుకుని పోయే మనకే తెలియాల్సి ఉంది.

2017లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ బృందం దక్షిణాసియా మూలాలున్నవాళ్లతో సహా నాలుగు ప్రాంతాల మనుషుల ముక్కులు కొలిచింది. పూర్వీకులు ఉన్న చోటి వేడికీ, గాలిలో తేమకూ, ముక్కుపుటాల వెడల్పుకూ సంబంధం ఉందని తేల్చింది. చలి దేశాల్లో సన్నటి ముక్కు గాలిని వెచ్చబరిచి, తడిపి లోపలికి పంపుతుంది. వేడి ప్రాంతంలో ఆ అవసరం తక్కువ. మనకు వచ్చిన ముక్కు మన తాతముత్తాతల వాతావరణానికి సరిపోయింది. మదనపల్లె కొంచెం చల్లన అని మేం గొప్పలు చెప్పుకుంటాం గానీ, యూరప్ అంత చలి హార్స్‌లీ కొండ మీద కూడా లేదు!

అందుకే మన ముఖానికి ఇంకొకరి ముక్కు తెచ్చి పెడితే అది విడిగానే కనిపిస్తుంది. అబ్బాయికైనా అమ్మాయికైనా మంచి సర్జరీ అయ్యాక జనం "ముఖం ఏదో కళగా ఉంది" అనుకోవాలి. "ముక్కు బాగుంది" అన్నారంటే వాళ్ల చూపు ముక్కు దగ్గరే ఆగిపోయిందని అర్థం.

మీ ఫోన్ అబద్ధం ఆడుతుంది, ఇద్దరితోనూ

నిర్ణయం తీసుకునే ముందు ఒక లెక్క చేయండి. ఇది ఇంజినీరింగ్ ఫస్టియర్ లెక్క.

కెమెరాకు దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా కనిపిస్తుంది. సెల్ఫీ తీసుకునేటప్పుడు ఫోన్ మీ ముక్కు కొనకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. చెవులు ముక్కు కొన కంటే స్థూలంగా 12 సెంటీమీటర్లు వెనక ఉంటాయి. అంటే కెమెరాకు 42 సెంటీమీటర్లు. 42ను 30తో భాగిస్తే 1.4. చెవులతో పోలిస్తే ముక్కు ఒకటిన్నర రెట్లకు కొంచెం తక్కువగా ఉబ్బిందన్నమాట. ఇప్పుడు ఫోన్ ఇంకొకరికి ఇచ్చి మీటరున్నర దూరం నుంచి తీయమనండి. 162ను 150తో భాగిస్తే 1.08. రెండింటికీ తేడా దగ్గర దగ్గర 30 శాతం.

2018లో అమెరికాలో డాక్టర్ బోరిస్ పాస్కోవర్ బృందం ఇదే సంగతిని నిజమైన ముఖాల కొలతలతో లెక్కకట్టి ఒక వైద్య పత్రికలో వేసింది. ఒక అడుగు దూరం సెల్ఫీలో ముక్కు వెడల్పు ఐదడుగుల ఫొటోతో పోలిస్తే మగవాళ్లకు 30 శాతం, ఆడవాళ్లకు 29 శాతం ఎక్కువగా కనిపిస్తుందని. ఆడా మగా తేడా లేకుండా అందరినీ సమానంగా మోసం చేసేది ఏదన్నా ఉందంటే అది ఫ్రంట్ కెమెరానే. ఆ ఉబ్బిన ముక్కును ఫిల్టర్ సన్నగా చేసి చూపిస్తుంది. రోజుకు ఇరవైసార్లు ఆ సన్నటి ముక్కు చూసి, అద్దంలో మామూలు ముక్కు చూస్తే తేడాగానే అనిపిస్తుంది మరి.

కాబట్టి సర్జన్ దగ్గరికి సెల్ఫీ పట్టుకుపోవద్దు. ఐదడుగుల దూరం నుంచి, ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, ఫిల్టర్ లేకుండా తీయించుకోండి. అప్పటికీ అనిపిస్తే మాట్లాడండి.

"ఎంతవుతుంది?" "తెలిసిపోతుందా?"

కంప్యూటర్ పని చేసేవాడికి అన్నీ తెలుసని మా ఊళ్లో ఒక నమ్మకం. అందుకని ఇట్లాంటి ప్రశ్నలు నా ఫోన్‌కు వస్తుంటాయి. ఒక చెల్లెలి వరసమ్మాయి అడిగింది. "అన్నా, చూసిపోయినోళ్లు ముక్కు లావన్నారంట. ఆపరేషన్‌కు ఎంతవుతుంది?" ఇంకో వారం మామా అని పిలిచే ఒక కుర్రోడు అడిగాడు. "మామా, ఎవురికీ చెప్పొద్దు. ముక్కు చేపించుకుంటే ఆఫీసులో తెలిసిపోతాదా?"

ఈ రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆమె ప్రశ్నలో నలుగురు ఉన్నారు. చూసిపోయినోళ్లు, మధ్యవర్తి, అమ్మ, నాన్న. ముక్కు ఖర్చు కూడా కట్నం లెక్కల్లో ఒక వరసగా చేరిపోయింది. తన ముక్కు తనకు నచ్చలేదని ఆమె ఎక్కడా అనలేదు. అతని ప్రశ్నలో అతనొక్కడే ఉన్నాడు. ఎవరితో అన్నా "మొగోడివై ఉండి ఇదేందిరా" అంటారని భయం. ఆమె మీద అందరూ మాట్లాడతారు, అతను ఎవరితోనూ మాట్లాడలేడు. కత్తి కింద తేడా రెండు మిల్లీమీటర్లయితే, బయట తేడా ఇంత ఉంది.

డాక్టర్లూ దీనికి అతీతులు కారు. పాతతరం ప్లాస్టిక్ సర్జరీ పాఠాల్లో సైమన్ అని ఒక హెచ్చరిక ఉంటుంది. సింగిల్, ఇమ్మెచ్యూర్, మేల్, ఓవర్లీ ఎక్స్‌పెక్టెంట్, నార్సిసిస్టిక్. ఐదు మాటల మొదటి అక్షరాలు. ఇట్లాంటి పేషెంటు వస్తే జాగ్రత్త అని. పెళ్లికానివాడు, పరిపక్వత లేనివాడు, అతిగా ఆశించేవాడు, తన మీద తనకు మోజు ఎక్కువున్నవాడు సరే, మధ్యలో "మేల్" ఏంటి? మగవాడు కావడం కూడా ఒక లక్షణమే అన్నట్టు! దీనికి ఎదురుగా ఆదర్శ పేషెంటుకు సిల్వియా అని ఆడపేరు పెట్టారు. చెప్పింది వింటుంది, తెలివైనది, అందగత్తె అని ఆ అక్షరాల అర్థం.

నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే విషయంలో. బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అనే మానసిక సమస్య ఉంది. ఇతరులకు కనిపించని చిన్న లోపం చుట్టూ రోజంతా ఆలోచన తిరుగుతుంటుంది. మామూలు జనాభాలో సుమారు నూటికి ఇద్దరిలో ఉంటుందని అంచనా, ముక్కు సర్జరీకి వచ్చేవాళ్లలో ఇంకా ఎక్కువ. ఆడవాళ్లకూ వస్తుంది, మగవాళ్లకూ వస్తుంది. దీనికి సర్జరీ మందు కాదు. ముక్కు మారినా బాధ మారదు, మళ్లీ ఇంకో ఆపరేషన్ అడుగుతారు. రోజుకు గంటకు పైగా ముక్కు గురించే ఆలోచిస్తున్నా, అద్దాలకు దూరంగా పారిపోతున్నా, ముందు సైకియాట్రిస్టును కలవండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మన సినిమా వైపు చూస్తే, శ్రుతి హాసన్ తన ముక్కు విరిగిందనీ, లోపల దూలం వంకర ఉందనీ, సరిచేయించుకునేటప్పుడే అందంగా కూడా చేయించుకున్నాననీ దాపరికం లేకుండా చెప్పింది. 2020లో ప్లాస్టిక్ సర్జరీ గురించి చెప్పుకోవడానికి తనకు సిగ్గేమీ లేదని రాసింది. ఆమె చెప్పాల్సి వచ్చింది ఎందుకంటే జనం ఆమెను అడిగారు. అదే ప్రశ్న హీరోలను అడిగేవాళ్లు తక్కువ కాబట్టి జవాబులూ తక్కువ. దానివల్ల నష్టపోయేది మా కుర్రోడి లాంటివాళ్లు. వాళ్ల ముందు ధైర్యంగా మాట్లాడిన మగమనిషి ఒక్కరూ కనిపించరు.

ఈ ఆడ-మగ గీత బాగా తెలిసినవాళ్లు ఇంకొకరు ఉన్నారు, ట్రాన్స్ మహిళలు. ముఖాన్ని ఆడతనం వైపు మార్చే సర్జరీలలో నుదుటితో పాటు ముక్కు కూడా ఒక ముఖ్య భాగం. మనలో చాలామందికి ఆ రెండు మిల్లీమీటర్లు సరదా, వాళ్లలో కొందరికి వీధిలో వెకిలి చూపులు లేకుండా నడవగలగడం.

ఊపిరి లెక్క

ఆముదపు కాడల గొట్టాలు గుర్తున్నాయా? అప్పటి వైద్యుడు మర్చిపోనిది ఇప్పటి పేషెంట్లు మర్చిపోతున్నారు. ముక్కు మొదటి పని గాలి పీల్చడం. అందం కోసం పైన ఎక్కువ చెక్కేస్తే, లోపల గాలి పోయే ఇరుకు దారి ఇంకా ఇరుకైపోవచ్చు. ముఖం సన్నగా, నిద్ర నోటితో. ప్రియాంక చోప్రా 2021లో వచ్చిన తన ఆత్మకథలో ముక్కులో పాలిప్ తీసే ఆపరేషన్ తేడా కొట్టి ముక్కు ఆకారమే దెబ్బతిన్న సంగతి రాసుకుంది. తర్వాత సరిచేసే సర్జరీలు చేయించుకోవాల్సి వచ్చింది. పేరున్నవాళ్లకైనా రిస్క్ రిస్కే. ముక్కు సర్జరీ అయినవాళ్లలో సుమారు 5 నుంచి 15 శాతం మందికి రెండో ఆపరేషన్ అవసరపడుతుందని వైద్యులు చెబుతుంటారు.

మగవాళ్లకు ఇందులో ఒక చిత్రమైన దారి ఉంది. బైక్ మీద నుంచి పడో, క్రికెట్ బంతి తగిలో ముక్కు విరిగి, దూలం వంకర పోయినవాళ్లు మా ఊళ్లలో చాలామంది. "ఊపిరాడటంలేదు, అందుకే చేయించుకున్నా" అంటే ఎవరూ నవ్వరు. నిజంగా ఊపిరాడనివాళ్లు దాన్ని నిర్లక్ష్యం చేయొద్దు. దూలం సరిచేసే ఆపరేషన్‌కు మామూలుగా ఇన్సూరెన్స్ వస్తుంది, చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. అందం కోసం చేసేదానికి రాదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత ముఖాన్ని తిరిగి కట్టడం తప్ప కాస్మెటిక్ సర్జరీని మినహాయించే నిబంధన మన ఆరోగ్య పాలసీలన్నింటిలో ఎక్స్‌క్లూజన్ 08 పేరుతో ఉంటుంది. మీ పాలసీ కాగితం తీసి చూడండి.

బెంగళూరు మాకు దగ్గర కాబట్టి బోర్డులూ, ఆఫర్లూ మాకు ఎక్కువ కనిపిస్తాయి. "కత్తి లేకుండా పదిహేను నిమిషాల్లో ముక్కు" అని ఇంజెక్షన్లు అమ్ముతారు. ఆ ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోవచ్చు. బ్యూటీ పార్లర్‌లో చేయించుకునే పని కాదు.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు

అమ్మాయిలైనా అబ్బాయిలైనా ఈ ప్రశ్నలు అడగండి. మీరు ఎం.సీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ చేశారా, లేక ముక్కు సర్జరీలో శిక్షణ ఉన్న ఈఎన్‌టీ సర్జనా? నాలాంటి చర్మం, నాలాంటి ముక్కు ఉన్నవాళ్లకు, నాలాగే ఆడ లేదా మగ పేషెంట్లకు చేసిన ఫొటోలు ఏడాది తర్వాతవి చూపిస్తారా? నా ఊపిరి ఇప్పుడు ఎట్లా ఉంది, తర్వాత ఎట్లా ఉంటుంది? నచ్చకపోతే రెండోసారి చేయాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది?

తర్వాత రోజులకూ సిద్ధపడండి. ముక్కు మీద పట్టీ సుమారు వారం ఉంటుంది. కళ్ల కింద నలుపు రెండు వారాలు. కళ్లజోడు బరువు కొన్ని వారాలు ముక్కు మీద పడకూడదు, ల్యాప్‌టాప్ ముందు బతికే మనకు అది చిన్న విషయం కాదు. కబడ్డీ, క్రికెట్ కొన్ని నెలలు పక్కన పెట్టాలి, ఎముక కుదురుకునేదాకా బండి హెల్మెట్ సంగతీ డాక్టర్నే అడగాలి. అమ్మాయిలు పుడక ముందే తీసేయాలి, మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలో సర్జన్ చెప్పాలి. అసలు ఆకారం తేలడానికి ఏడాది పడుతుంది, మందం చర్మమైతే ఇంకా ఎక్కువ. వచ్చే నెలలో ముహూర్తం పెట్టుకుని ఈ నెలలో ముక్కు చేయించుకునేవాళ్లు పెళ్లి ఫొటోల్లో వాపుతోనే కనిపిస్తారు.

మా చెల్లెలి వరసమ్మాయికి నేను ఖర్చు చెప్పలేదు. "ఆ చూసిపోయినోళ్లు మళ్లీ రాకపోయినా నీకు ఈ ఆపరేషన్ కావాలా?" అని అడిగా. రెండు రోజుల తర్వాత "వద్దన్నా" అని ఒక్క మాట పంపింది. కుర్రోడికి ఒక ఈఎన్‌టీ డాక్టర్‌ను ముందు కలవమన్నా, దూలం నిజంగానే వంకర ఉందట. ఇప్పుడు ఆఫీసులో తెలిసినా ఫర్వాలేదంటున్నాడు.

మీ ముక్కు మీ ఇష్టం. మార్చుకున్నా తప్పు లేదు, ఉంచుకున్నా తప్పు లేదు. సంతకం పెట్టే ముందు మాత్రం ఆ కాగితం మీద కోరిక ఎవరిదో ఒకసారి చదువుకోండి.